‘చండాలం’ అన్న మాటలో ఉన్న మనిషి

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. పప్పుచారులో ఉప్పు ఎక్కువైనా, బస్టాండులో కంపు కొట్టినా “ఛీ, చండాలంగా ఉంది” అనడం మా ఇంట్లో అందరికీ అలవాటు. మొన్న ఆఫీసులో టీ తాగుతూ నేను అదే మాట అంటే, పక్కనున్న మిత్రుడు గ్లాసు బల్ల మీద పెట్టి, “ఆ మాట ఒక కులం పేరని తెలుసా?” అని మెల్లగా అడిగారు. ‘చండ’ అంటే తీవ్రమైనది కాబట్టి ‘చండాలం’ దాని నుంచే వచ్చిందనీ, కులంతో దానికి సంబంధం లేదనీ ఇంటికి వచ్చాక మా బాబాయిగారు అన్నారు. అన్నమయ్య కూడా ఈ మాట వాడాడు కదా, తప్పెక్కడుంది అన్నది ఆయన వాదన. ఇందులో నిజమేమిటో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:

మీ బాబాయిగారు చెప్పిన వ్యుత్పత్తిని కాసేపు ఒప్పుకున్నా, మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక విషయం, ఎవరి మీద పడిందన్నది వేరే విషయం. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడంటే శూద్రుడికి బ్రాహ్మణ స్త్రీయందు పుట్టినవాడని చెప్పి, అతడు ఊరి బయట ఉండాలనీ, శవాల మీది బట్టలు కట్టుకోవాలనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ, కుక్కలూ గాడిదలే అతని ఆస్తి అనీ వరసగా విధించారు. అంటే ఇది కోపాన్నో రుచినో చెప్పే విశేషణంగా మనకు రాలేదు. ఒక మనిషి ఎక్కడ నిలబడాలో, ఏం కట్టుకోవాలో శాసించిన పేరుగా వచ్చింది. ఆ మనిషిని చూసి పైవారు పడిన రోతే కాలక్రమంలో చెడిపోయిన చారుకూ కుళ్ళిన కూరకూ అంటుకుంది. పలికేటప్పుడు చాలామంది ‘ఛండాలం’ అని ఒత్తుతారు. సంస్కృతంలో ఆ ఒత్తు లేదు. ముందు వచ్చే ‘ఛీ’ నుంచి అది జారి వచ్చిందని నా అనుమానం.

ఇక అన్నమయ్య సంగతి. “మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే, చండాలుడుండేటి సరి భూమి యొకటే” అన్న చోట ఆయన ఆ మాటను తిట్టుగా వాడలేదు. అక్కడ చండాలుడు నేల మీద నిలబడి ఉన్న మనిషి. పక్కన బ్రాహ్మణుడు, ఇద్దరి కాళ్ళ కింద ఒకే నేల. ‘సరి భూమి’ అన్న రెండు మాటలూ తీసేస్తే ఆ పాదం కూలిపోతుంది. మనం వంటింట్లో అనే ‘చండాలం’లో ఆ మనిషీ లేడు, ఆ నేలా లేదు, మిగిలింది రోత మాత్రమే. అన్నమయ్యను అడ్డం పెట్టుకుని ఈ వాడుకను సమర్థించడం కుదరదు.

వేమన దగ్గర కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. పాఠాంతరాలు ఎన్నో ఉన్న ఒక పద్యంలో “మాట తిరుగువాఁడు మాల గాక” అంటాడు. మాల కులంలో పుట్టినవాడు మాల కాడు, ఆడిన మాట తప్పినవాడే మాల, మొదటివాణ్ణి మాల అన్నవాడు ఇంకా పెద్ద మాల అన్నది దాని భావం. పద్యం కులాన్ని కొడుతోంది, అందులో సందేహం లేదు. కానీ కొట్టడానికి ఎత్తిన కర్ర ఏది? అదే కులం పేరు. మాట తప్పే నీచుడికి పెట్టడానికి ఆయనకు దొరికిన పేరు ‘మాల’. ఆ పద్యాన్ని ఆ ఇంటి పిల్లవాడు తరగతిలో లేచి నిలబడి చదవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. గురజాడ ‘లవణరాజు కల’లో దీన్నే తిరగేశాడు: “మంచియన్నది మాలయైతే మాలనే యగుదున్”. పేరు అదే, కానీ దాన్ని ఎదుటివాడి మీదికి విసరకుండా తన నెత్తిన పెట్టుకున్నాడు. నా లెక్కలో ఈ ఒక్క పాదం, ఈ విషయంలో, వేమన పద్యాన్ని దాటిపోయింది.

రెండో జవాబు:

పై జవాబును గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. మాటల అర్థాలు మారుతూనే ఉంటాయి. ‘కంపు’ అంటే పాత కావ్యాల్లో పరిమళం, ఇప్పుడు దుర్గంధం. ‘చండాలం’ అనేవారిలో నూటికి తొంభై మందికి ఏ కులమూ మనసులో ఉండదు. తవ్వుకుంటూ పోతే ‘దరిద్రంగా ఉంది’ అనడం పేదవాణ్ణి తిట్టడమవుతుంది, ‘చెవిటివాడి ముందు శంఖం’ అన్న సామెత కూడా వదిలేయాలి. చివరికి నోట్లో మాటేం మిగులుతుంది?

మొదటివారి ప్రత్యుత్తరం:

‘దరిద్రం’ గురించి మీరన్నది నిజమే, నేను కూడా ఆ మాట దగ్గర తడబడుతూనే ఉంటాను. కానీ ‘కంపు’తో పోలిక నిలవదు, ఆ పేరుతో ఊరి బయట బతికినవాళ్ళు ఎవరూ లేరు. ‘చండాల’ అన్నది పుస్తకాల్లో మిగిలిపోయిన పాత మాట కాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల షెడ్యూల్డు కులాల జాబితాలో ఈనాటికీ ఒక వరస. బెంగాల్లో ఇదే పేరు మోసినవాళ్ళు దశాబ్దాల పాటు పోరాడి 1911 జనాభా లెక్కల్లో ‘నమశూద్ర’ అని రాయించుకున్నారు. మన దగ్గర 1917లో బెజవాడలో పంచమ మహాజన సభగా పిలిచిన సమావేశం, భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన, ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ‘పంచముడు’ అంటే నాలుగు వర్ణాలకూ బయటివాడని. ‘ఆది ఆంధ్రుడు’ అంటే ఈ నేలకు మొదటివాడని. పేరు మార్చుకోవడానికి అంత కష్టపడినవాళ్ళను ‘అర్థం మారిపోయిందిలే’ అని ఊరడించడం న్యాయం కాదు. పక్కన తమిళనాడులో 2024లో అక్కడి ఎస్సీ ఎస్టీ కమిషన్ సినిమాల్లోనూ రోజువారీ మాటల్లోనూ ఈ మాట వాడవద్దని సూచించింది.

ఇంకొకటి, కొంచెం పక్కదారి. చిన్నప్పుడు మా ఊళ్ళో రాత్రంతా హరిశ్చంద్ర నాటకం ఆడేవారు. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి, భుజాన గొంగళి, చేత కర్రతో కాటికి కాపలా వచ్చేసరికి చాపల మీద పడుకున్న ముసలమ్మలు కూడా లేచి కూర్చునేవారు. మహారాజు చండాలుడి కొలువు చేయవలసి వచ్చిందే అని అందరూ ఏడ్చేవారు. ఆ కొలువే పుట్టుకతో వచ్చినవాడి కోసం ఎవరూ కన్నీరు పెట్టినట్టు గుర్తులేదు. ఆ కాటి సీనులో నటులు గొంతెత్తి పాడి వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న “ఇచ్చోటనే” పద్యాలు జాషువావి. ఆ పద్యాలు రాసినవాడి కులాన్ని ఊరు వెలివాడలో ఉంచింది. అదే జాషువా ‘గబ్బిలం’లో తన నాయకుడికి చండాలుడని పేరు పెట్టలేదు, ‘అరుంధతీ సుతుడు’ అన్నాడు. అరుంధతిని మాదిగలు తమ ఆడపడుచుగా చెప్పుకుంటారు. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు కొత్త దంపతులను ఆరుబయటికి తీసుకువెళ్ళి, మిట్టమధ్యాహ్నమైనా సరే, వేలెత్తి చూపించే నక్షత్రం ఆమెదే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. బాబాయిగారికి ఇదంతా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి చారు బాగాలేకపోతే ఏమనాలి?” అన్నారు. “ఉప్పెక్కువైంది అంటే సరిపోతుంది” అని లోపలి నుంచి మా పిన్ని.