మాగ్నమ్ లోడ్లలో ప్లేటెడ్ బుల్లెట్లు: 1250 హద్దును పట్టించుకోవాలా?

శీను_ఆస్టిన్
అందరికీ నమస్కారం. నా దగ్గర .357 మాగ్నమ్ రివాల్వర్ ఒకటి (నాలుగంగుళాల బ్యారెల్), అదే రౌండు (తూటా) పట్టే 18 అంగుళాల లివర్ యాక్షన్ కార్బైన్ ఒకటి ఉన్నాయి. రెండింటికీ నేనే రీలోడ్ చేసుకుంటాను (వాడిన ఇత్తడి కేసుల్లో కొత్తగా పౌడర్, బుల్లెట్ పెట్టుకోవడం). జాకెటెడ్ (గట్టి లోహపు తొడుగున్న) బుల్లెట్ల ధరలు చూస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. అందుకే బెర్రీస్ కంపెనీ వాళ్ల 158 గ్రెయిన్ల బరువుండే ప్లేటెడ్ (సీసం మీద రాగి పూత వేసినవి) తీసుకుందామనుకున్నా. అయితే వాళ్ల మామూలు ప్లేటెడ్‌కి సెకనుకు 1250 అడుగులు దాటొద్దని వాళ్లే చెబుతున్నారు. రేంజ్‌లో ఒకాయనని అడిగితే "అది వకీళ్లు రాయించిన మాట, ఎక్కించెయ్" అన్నాడు. మీలో ఎవరైనా మాగ్నమ్ వేగాల్లో వాడుతున్నారా?

పాలమూరు_44
వాడుతున్న అన్నా. రివాల్వర్‌ల 1300 దాటించిన గూడ, టార్గెట్ మీద గుండ్ల గుంపు మంచిగనే పడ్తది. ప్రెషర్‌కు తట్టుకోదని చానామంది అంటరు గని, ఒక్కసారి లెక్క చూడుండ్రి. సామీ (అమెరికాల తూటాలకు హద్దులు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ ప్రెషర్ .357 మాగ్నమ్‌కు 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 9 ఎంఎం పిస్టల్ తూటాకు గూడ 35,000 పీఎస్ఐ. 9 ఎంఎంల దేశమంతా ప్లేటెడే కాలుస్తున్నరు, ఎవ్వరికి ఏం గాలే. ఇంకోటి, స్పీర్ కంపెనీ గోల్డ్ డాట్ బుల్లెట్ గూడ ప్లేటింగ్‌తోని చేసిందే. అది .44 మాగ్నమ్‌ల 1400 పోతది. ప్లేటింగ్ అంటేనే బలం లేదనుడు తప్పు.

కుమారి_ఫీనిక్స్
శీను గారూ, ముందు ఆ బుల్లెట్ ఎలా తయారవుతుందో చూస్తే హద్దు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. మెత్తటి సీసాన్ని డైలో నొక్కి, కావలసిన కొలత కన్నా కాస్త సన్నగా కోర్ చేస్తారు. దాన్ని ద్రావణంలో వేసి కరెంటు పెట్టి రాగి పూత ఎక్కిస్తారు. పూత పట్టాక మళ్లీ డైలో కొట్టి సరైన కొలతకి తెస్తారు. జాకెటెడ్ బుల్లెట్‌కి ఉండేది రాగి-జింకు మిశ్రమంతో చేసిన గట్టి తొడుగు. ఇక్కడున్నది పల్చటి, మెత్తటి రాగి. దాని కింద ఇంకా మెత్తటి సీసం.

పాలమూరు గారు చెప్పిన ప్రెషర్ లెక్క నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ తేడా ప్రెషర్‌లో లేదు, క్రింప్‌లో (బుల్లెట్ జారకుండా కేసు మూతిని నొక్కి పట్టించడంలో) ఉంది. 9 ఎంఎంలో మనం చేసేది టేపర్ క్రింప్. బుల్లెట్ కూర్చోవడానికి విప్పిన కేసు మూతిని మళ్లీ నిటారుగా చేస్తాం, అంతే. మాగ్నమ్ రివాల్వర్ రౌండుకి రోల్ క్రింప్ కావాలి. మూతిని లోపలికి మడిచి బుల్లెట్ మీది గాడిలో దిగేలా చేస్తాం. అలా చేయకపోతే ఒక రౌండు పేలిన రికాయిల్‌కి సిలిండర్‌లో మిగిలిన బుల్లెట్లు ముందుకు జారతాయి. ఒకటి సిలిండర్ బయటికి వచ్చిందంటే గన్ తిరక్కుండా పట్టేస్తుంది. ప్లేటెడ్‌లో చాలా వాటికి ఆ గాడి ఉండదు. గాడి లేని చోట గట్టిగా రోల్ క్రింప్ ఇస్తే ఇత్తడి అంచు నేరుగా పూతలోకి దిగుతుంది.

నమ్మకం కుదరకపోతే అలా క్రింప్ చేసిన రౌండు ఒకటి పుల్లర్ సుత్తిలో పెట్టి, కొట్టి బుల్లెట్ బయటికి తీసి చూడండి. ఎర్రటి రాగి మీద చుట్టూరా సన్నటి బూడిద రంగు గీత కనిపిస్తుంది. అది కోర్‌లోని సీసం. అంటే బ్యారెల్‌లోకి వెళ్లకముందే పూత తెగిపోయింది. అలాంటి బుల్లెట్‌ని బ్యారెల్‌లోని గాట్లు పట్టి తిప్పితే ఆ గీత దగ్గరే పూత ఊడే ప్రమాదం ఉంది. ఊడితే ఆ బుల్లెట్ టార్గెట్ కాగితం మీద గురి తప్పి ఎక్కడో పడుతుంది. పూత ముక్క బ్యారెల్‌లోనే ఉండిపోతే, దాని వెనక ఇంకో రౌండు కాల్చడం మాటల్లో చెప్పలేనంత ప్రమాదం.

గోల్డ్ డాట్‌ని దీనితో పోల్చకండి. పద్ధతి ప్లేటింగే అయినా, దాని తొడుగు మందంగా పెంచి, ఆ వేగాలకే డిజైన్ చేసింది.

శీను_ఆస్టిన్
చాలా థాంక్సండీ. మరి కార్బైన్‌లో రికాయిల్‌కి బుల్లెట్ జారే గొడవ తక్కువ కదా, టేపర్ క్రింప్‌తో సరిపెట్టుకుని హెచ్ 110 పౌడర్ వాడొచ్చా?

కుమారి_ఫీనిక్స్
వద్దండీ. ఆ కలయిక అసలు పెట్టుకోకండి. హెచ్ 110, డబ్ల్యూ 296 నెమ్మదిగా కాలే పౌడర్లు. కేసు బాగా నిండి, బుల్లెట్ గట్టిగా పట్టి ఉంటేనే సరిగ్గా అంటుకుంటాయి. వాటి చార్జిని (పౌడర్ మోతాదుని) 3 శాతానికి మించి తగ్గించొద్దని ఆ పౌడర్లు అమ్మే హాడ్జ్‌డన్ వాళ్లే హెచ్చరిస్తారు. తగ్గిస్తే మంట సరిగా అందుకోక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఆగిపోవచ్చు. పూర్తి చార్జి వేస్తే వేగం ప్లేటెడ్ హద్దు దాటిపోతుంది. ఆ పౌడర్‌కి గట్టి క్రింప్ తప్పనిసరి, ఈ బుల్లెట్‌కి గట్టి క్రింప్ పనికిరాదు. ఇక రాజీ ఎక్కడ?

కార్బైన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెమ్మది పౌడర్‌తో నాలుగంగుళాల్లో 1250 చుట్టుపక్కల వచ్చే 158 గ్రెయిన్ల ఫుల్ లోడు, 18 అంగుళాల బ్యారెల్‌లో 1800 దగ్గరికి వెళ్తుంది. బుల్లెట్ ఎంత జోరుగా గిర్రున తిరుగుతుందో (స్పిన్) కూడా లెక్కేయండి, పూత ఊడే ప్రమాదం దాంతోనే పెరుగుతుంది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ గాట్లు 18.75 అంగుళాలకి ఒక చుట్టు తిప్పుతాయి, 1250 దగ్గర అది నిమిషానికి 48,000 చుట్లు. 16 అంగుళాలకి ఒక చుట్టు తిప్పే కార్బైన్‌లో 1800 దగ్గర 81,000. రివాల్వర్‌లో బాగానే ఉంది కదా అని అదే డబ్బా కార్బైన్‌కి ఎక్కించకండి. క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) ముందు ముందుగా పొడవాటి బ్యారెల్‌నే కాల్చి చూడండి. హద్దు దానికే వర్తించాలి.

గోదారి_గట్టు
నాదొక చిన్న మాట. కవర్డ్ రేంజ్‌లో కాల్చేవాళ్లకి ప్లేటెడ్ వల్ల మంచి లాభం ఉంది. అడుగు భాగం కూడా రాగి కప్పి ఉంటుంది కాబట్టి, వేడి గ్యాసు నేరుగా సీసానికి తగలదు. పొగలో సీసం తగ్గుతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఇది ఆలోచించాలి. మా ఇంట్లో రేంజ్ బట్టలు విడిగా ఉతుకుతాం, చేతులు కడక్కుండా ఏమీ ముట్టుకోనివ్వను.

పాలమూరు_44
అక్కా, హెచ్ 110 ముచ్చట మీరు చెప్పిందే కరెక్టు, దానికి నేను ఎదురు చెప్ప. గని 1250 అన్నది అన్ని ప్లేటెడ్‌లకు ఒక్కటే అనుకోవద్దు. బెర్రీస్‌లనే థిక్ ప్లేట్ ఉంటది, దానికి వాళ్లే 1500 దాకా చెప్తరు. నేను 1300 అన్నది గవ్వే. కొనేటప్పుడు డబ్బా మీద థిక్ ప్లేట్ అని ఉందా లేదా సూసుకోవాలె. పౌడర్ యూనిక్, లేకుంటే హెచ్ఎస్-6 అసొంటిది, ఆ బుల్లెట్‌కు మాన్యువల్‌ల ఉన్న చార్జే. క్రింప్ తేలిగ్గ. సిలిండర్ల ఒకటి ఇడిసిపెట్టి మిగిలినయి కాల్చి, ఆ మిగిలిన రౌండు పొడవు క్యాలిపర్‌తోని కొలిస్తే బుల్లెట్ ముందుకు జరిగిందా లేదా తెలుస్తది. నా స్టీల్ గన్‌ల జరగలే. తేలికైన గన్ ఉన్నోళ్లు వాళ్ల గన్‌తోని కొలుసుకోవాలె.

కుమారి_ఫీనిక్స్
థిక్ ప్లేట్ అయితే మీ 1300కి నా అభ్యంతరం లేదు. ఆ మాట మొదటి పోస్టులోనే రాసి ఉండాల్సింది పాలమూరు గారూ. "1300 దాటించిన" అన్న ముక్క ఒక్కటే చదివి ఎవరో మామూలు డబ్బా కొనేస్తారు.

శీను_ఆస్టిన్
అర్థమైంది. రివాల్వర్ ప్రాక్టీస్‌కి మామూలు ప్లేటెడ్, 1100 లోపు ఉంచుతాను. కార్బైన్‌లో ఫుల్ లోడుకి జాకెటెడే, గాడి ఉన్నవి. డబ్బాల మీద ఏ గన్‌కో పెద్దక్షరాలతో రాసి పెడతా. కార్బైన్‌లో మధ్యరకం వేగానికి థిక్ ప్లేట్ ఎవరైనా 25 గజాలు దాటి, 50, 75లో కాల్చి చూశారా? గుంపులు ఎలా వచ్చాయో చెప్పండి.

పాలమూరు_44
50 గజాల దాకా బేఫికర్. 75ల మాత్రం నాకు జాకెటెడే గెల్సింది, అది దాచిపెట్ట.