ఇతరుల మీద తీర్పులు చెప్పే మనసు: చిత్తశిక్షణ సూక్తులపై ఒక సందేహం

ప్రశ్న:
టిబెటన్ బౌద్ధంలోని లోజోంగ్, అంటే చిత్తశిక్షణ సూక్తులను కొంతకాలంగా సాధన చేస్తున్నాను. 'ఇతరుల లోపాలను గురించి మాట్లాడవద్దు', 'ఇతరుల సంగతులు తలపోయవద్దు' అనే రెండు సూక్తుల దగ్గర ఆగిపోయాను. మంచాన పడిన మా అమ్మను నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. అదే ఊళ్ళో ఉన్న మా అన్నయ్య పండగకో పబ్బానికో వచ్చి, కాసేపు కూర్చుని, మందులు సరిగా వేస్తున్నావా అని అడిగి వెళ్ళిపోతాడు. పైకి ఏమీ అనను గానీ, అతను ఎలాంటి మనిషో తేల్చే విచారణ నా లోపల రాత్రి దాకా నడుస్తూనే ఉంటుంది. తీర్పును వదిలేయడమంటే అతను చేయనిదాన్ని చూసీ చూడనట్టు ఊరుకోవడమా? అమ్మ బాధ్యతలో వాటా తీసుకోమని అడగడం కూడా ఆ సూక్తులకు విరుద్ధమవుతుందా?

సమాధానం 1:
విరుద్ధం కాదండీ. ఈ బోధను భారతీయ బౌద్ధాచార్యుడు అతీశ దీపంకర శ్రీజ్ఞానుడు సువర్ణద్వీపంలో, అంటే నేటి సుమత్రాలో, తన గురువు ధర్మకీర్తి దగ్గర నేర్చుకుని, 1042లో టిబెట్‌కు వెళ్ళి అక్కడ అందించారు. 12వ శతాబ్దంలో టిబెటన్ ఆచార్యుడు గేషే చేకావా దానిని ఏడు అంశాలుగా కూర్చారు. మీరు చెప్పిన రెండూ ఆరవ అంశంలో, సాధకులు పాటించవలసిన నియమాలలో వస్తాయి. అక్కడే 'పొంచి ఉండవద్దు', 'మర్మం మీద (అంటే ఎదుటివారికి ఎక్కువగా నొప్పి తగిలే చోట) కొట్టవద్దు' అనేవి కూడా ఉన్నాయి. నాలుగింటినీ కలిపి చదివితే, ఇవి ఆపమంటున్నది సాయం అడగడాన్ని కాదని, పాత లెక్కలన్నీ కూడబెట్టుకుని, అన్నయ్య దొరికిన రోజున బంధువుల ముందు విప్పడాన్నని తెలుస్తుంది.

'అన్నయ్య ఈ నెలలో ఒక్క రాత్రి కూడా అమ్మ దగ్గర ఉండలేదు' అన్నది జరిగిన విషయం. 'అతనికి అమ్మంటే ప్రేమ లేదు' అన్నది మనం వేసిన ముద్ర. బోధిచర్యావతారం అనే బౌద్ధ గ్రంథం ఆరవ అధ్యాయంలో దాని రచయిత శాంతిదేవుడు, ఎంత బాధ పెట్టినా పిత్తం మీద మనకు కోపం రాదు కదా, కారణాల చేత ప్రేరేపితులయ్యే మనుషుల మీద మాత్రం ఎందుకు అని అడుగుతాడు. జబ్బును చూడలేని భయమో, ఇంట్లో ఒత్తిడో, మరొకటో, అన్నయ్య రాకపోవడం వెనుక ఏముందో అడిగితే తప్ప మీకు తెలియదు.

సమాధానం 2:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పాలి. మూడవ అంశంలో 'నిందలన్నిటినీ ఒక్కదాని మీదకే మళ్ళించు' అనే సూక్తి ఉంది. సేవ చేసి అలసిపోయిన ఆడపిల్లతో 'లోపం నీ చూపులోనే ఉంది, సర్దుకుపో' అనడానికి దీనిని వాడుకోవడం నేను విన్నాను, అది నన్ను చాలా బాధించింది. ఆ ఒక్కటీ మీరు కాదమ్మా. ప్రతిదానినీ 'నేను, నా సుఖం' అని తనవైపు లాక్కునే స్వార్థబుద్ధి అది. మీలోనూ ఉంది, మీ అన్నయ్యలోనూ ఉంది. ఆయనను విచారిస్తున్నప్పుడు 'నేను మాత్రం అలాంటిదాన్ని కాను' అనే తృప్తి ఎక్కడైనా తగిలితే, నింద దాని మీదకు వెళ్ళాలి. నిద్ర లేని శరీరం విసుక్కోవడాన్ని మాత్రం దోషాల్లో లెక్కించకండి. దానికి కావలసింది విశ్రాంతి.

సమాధానం 3:
టోంగ్‌లెన్, అంటే ఊపిరితో పాటు ఇతరుల బాధను స్వీకరించి మన సుఖాన్ని వారికి ఇస్తున్నట్టు భావించే సాధన, తనతోనే మొదలుపెట్టాలని సూక్తులే చెబుతున్నాయి. అందువల్ల ముందు మీ అలసటను, ఆ తర్వాత మంచాన పడినవారికి సేవ చేసే అందరి అలసటను తలచుకుని, చివరగా అన్నయ్య దగ్గరకు రండి. ఆయన పేరు రాగానే గుండె బిగుసుకుంటే బలవంతం చేసుకోకుండా, ముఖపరిచయం మాత్రమే ఉన్న మరొకరిని తలచుకుని ఆపేయండి.

అయితే సాధన పూర్తిగా కుదిరేదాకా మాట్లాడకుండా ఉండమని మాత్రం నేను చెప్పను. మనసు కొంచెం నెమ్మదించిన రోజున, పాత సంగతులేవీ ఎత్తకుండా, ఒకే ఒక్క పని అడగండి: "అన్నయ్యా, శనివారం రాత్రుళ్ళు నువ్వు అమ్మ దగ్గర పడుకోగలవా? కుదరకపోతే రాత్రి ఆయా జీతంలో సగం ఇవ్వగలవా?"