‘మాట్లాడించి వద్దాం’ అంటే ఏంది?

మా నాయన పోయి నెలన్నర అయింది. ఆ రోజుల్లో ఫోనుకు వచ్చిన మెసేజీలు మొన్న తీరిగ్గా చదివాను. సగం మంది ‘రిప్’ అని పెట్టి, జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. కొందరు ‘ప్రగాఢ సానుభూతి’ అన్నారు, ఫ్లెక్సీ గుర్తొచ్చింది. బెంగళూరులో నాతో పనిచేసే కుర్రాడు ‘మీ నష్టానికి చింతిస్తున్నాను’ అని రాశాడు. పాపం, ఇంగ్లీషులో అనుకుని తెలుగులో పెట్టాడు. అనంతపురం జిల్లాలో నష్టం అంటే శెనక్కాయ పంట. అమ్మకు చదివి వినిపిస్తే, “ఎకరాకు ఎంతిస్తారంట?” అంది. నాయన పోయాక ఆమె నవ్వింది అప్పుడే.

ఊళ్లోవాళ్లు మాత్రం ‘పోయి మాట్లాడించి వద్దాం’ అనుకుంటూ వచ్చారు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఈసారి తట్టింది. చేయు, చేయించు లాగా ఇదీ ప్రేరణార్థకం. అంటే వచ్చినవాళ్లు ఓదార్పు మాటలు వెతుక్కోనక్కర్లేదు, మాట్లాడాల్సింది ఇంట్లోవాళ్లు. జరిగిందీ అదే. మా మేనత్త చాప మీద అమ్మ పక్కన కూర్చుని, “ఆ పొద్దు ఏం తిన్న్యాడు వదినా?” అని అడిగింది, అంతే. సంగటి ముద్ద సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడన్న దగ్గర మొదలుపెట్టి, అమ్మ ఆస్పత్రి మెట్ల దాకా చెప్పింది. మరుసటి రోజు ఇంకొకరు వస్తే మళ్లీ సంగటి దగ్గర నుంచి. మూడో రోజుకి నాకు విసుగొచ్చింది, ఒప్పుకుంటాను. తొమ్మిదో రోజుకి ఒకటి గమనించాను. మొదట్లో ఆస్పత్రి దగ్గర ఏడ్చేది, ఇప్పుడు సంగటి ముద్ద దగ్గర ఏడుస్తోంది. ఆస్పత్రి మామూలు గొంతుతోనే దాటేస్తోంది.

మీ వైపు ఏమంటారు?

కడప నుంచి ఒకరు:
పేపర్లో అయితే ‘పరామర్శ’. మృశ్ అనే ధాతువు, తాకడం, నిమరడం అని అర్థం. తర్కశాస్త్రంలో కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని తేల్చే ముందు బుద్ధిలో కలిగే జ్ఞానానికీ ఇదే పేరు. మా బ్రౌన్ గ్రంథాలయంలో పరామర్శ గ్రంథం అంటే నిఘంటువు లాంటిది. బయట రోడ్డు మీద పరామర్శ అంటే ‘ఎవరు పోయినారు?’ అని అడుగుతారు. ‘పరామర్శించారు’ అనేది మాత్రం ఇప్పుడు నాయకులకే రిజర్వు అయింది. నాకు మొదటి అర్థమే ఇష్టం. మాట రానివాళ్లు చెయ్యి పట్టుకుని కూర్చున్నా చాలు.

ఆదోని నుంచి ఒకరు:
అన్నా, మరీ లోతుకు పోయావు. మా పక్క పెళ్లిలో కనబడి పలకరించకపోయినా ‘మాట్లాడించకుండా పోయినాడు’ అని అలుగుతారు. దానికీ చావుకీ ఏం సంబంధం?

మళ్లీ నేను:
నిజమే అన్నా, చావు కోసం పుట్టిన మాట కాదు. చావింటికని బరువైన మాట వేరే తయారు చేసుకోకుండా, పెళ్లిలో వాడే మాటతోనే గడప దాటుతున్నారంటే నాకు ఇంకా నచ్చింది.

పోయేటప్పుడు మాత్రం మాట మారుతుంది. మామూలుగా ‘పోతాను’ అనడం అశుభమని ‘వస్తాను’ అంటాం కదా. చావింట్లో ఆ ‘వస్తాను’ పనికిరాదు, మళ్లీ ఇలాంటి పనికి రావాల్సి వస్తుందని. ఏమీ చెప్పకుండా లేచిపోవాలి.

మొన్న ఆదివారం ఆ ‘నష్టం’ కుర్రాడు బెంగళూరు నుంచి వచ్చాడు. అరగంట నోరు విప్పలేదు, నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి అమ్మే మొదలుపెట్టింది, సంగటి దగ్గర నుంచి. అంతా విని లేచి, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ “వెళ్లొస్తానమ్మా” అన్నాడు. మేనత్త నా మొహం చూసింది. అమ్మ మాత్రం, “రా నాయనా, ఈసారి తిని పోదువు” అంది.