సమస్య (ఇది చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి): ‘జూదశాల గోడ సూక్తిఁ జెప్పె’

నిర్వాహకుడు: వెనిస్‌లో గ్రాండ్ కెనాల్ ఒడ్డున వెండ్రమిన్ కలెర్జి అని ఒక మేడ. కోదుస్సి గీసిన ప్లాను, లోరెదాన్ వంశపు డబ్బు. 1481లో మొదలుపెడితే 1509కి పూర్తయింది. ముందు గోడ మీద లాటిన్ కీర్తన ముక్క చెక్కి ఉంది: ‘మాకు కాదు ప్రభూ, మాకు కాదు’ (కీర్తి నీకే అని). లోపల ఇప్పుడు కేసినో! నవ్వాగక ఇస్తున్నాను. వెనిస్ దాటకండి, ధర్మరాజును తేవద్దు.

గోదారిగట్టు:
మాది కాదు కీర్తి మాధవా నీదంచు
కాల్వ యొడ్డు మేడఁ గట్టి చెక్కె
వెనుక వచ్చి చేరె వేల పందెపుటాట
జూదశాల గోడ సూక్తిఁ జెప్పె

పాతకాపు: ధార బాగుంది. కానీ వెనిస్ దొర చేత ‘మాధవా’ అనిపించారే! యతి కోసం మతం మార్పించారు. పైగా చెక్కిందెవరు? కర్త కాలవలో పడ్డాడా?

గోదారిగట్టు: ‘మాకు వలదు కీర్తి మహిమ నీదే ప్రభూ’ అంటే సరా?

పాతకాపు: ఇప్పుడు ‘అంచు’ కూడా కాలవలోకే పోయింది.

తేటనీరు: 1883 ఫిబ్రవరిలో సంగీతకారుడు వాగ్నర్ పోయింది ఈ మేడలోనే. గొండోలాలోనే సాగనంపారు.
వచ్చి యచట విడిచె వాగ్నరు ప్రాణమ్ము
పాట మూగవోయె పడవ కదలె
నాడు చావు మేడ నేడు పందెపు మేడ
జూదశాల గోడ సూక్తిఁ జెప్పె

పాతకాపు: అమ్మా, మూడో పాదంలో యతి తప్పింది. నా–నే ఎక్కడ చెల్లుతుంది?

తేటనీరు: ప్రాసయతి గురువుగారూ. నాడు–నేడు, రెండో అక్షరం కలిసింది. కిందటి వారం పిల్లి పెండ్లి పూరణలో తమరు వాడిందే.

గోదారిగట్టు: ఆ పిల్లి పద్యం రెండో పాదంలో ఆరు గణాలున్నాయి. అప్పుడెవరూ అనలేదు.

పాతకాపు: అది టైపు పొరపాటని అప్పుడే చెప్పాను.

నిర్వాహకుడు: పిల్లిని వదిలేయండి బాబూ.

కొత్తకలం: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. కీర్తి వద్దన్న లోరెదాన్‌లు 1581లో మేడ అమ్మేశారు. ఇప్పుడు దాని పేరులో ఉన్నవి తర్వాత వచ్చిన వంశాలే.
పేరు వలదనంగఁ బేరె దేవుఁడు దీసె
కొన్నవారి పేరె కొలువుదీరె
ఆచితూచి వరము లడుగవలయు నంచు
జూదశాల గోడ సూక్తిఁ జెప్పె

తేటనీరు: ఆహా, ‘పేరె దేవుఁడు దీసె’! మా ఇద్దరి గోడలూ ఊరికే నిలబడ్డాయి. సూక్తి ఏమిటో చెప్పింది మీ గోడే.

గోదారిగట్టు: ఒప్పుకుంటున్నా.

పాతకాపు: మూడో పాదం అచ్చుతో ఎత్తుకున్నారు, పై పాదంతో సంధి కలవాలి. వాక్యం ముగిసింది కాబట్టి ఊరుకుంటున్నా.