టాకింగ్ డ్రమ్ము: చర్మం మార్చాక పై స్వరం అందడం లేదు

నైజీరియాలో యోరుబావాళ్లు వాయించే గాంగన్ ఇది. నడుము సన్నగా ఉంటుంది, చంకలో పెట్టుకుని తాళ్లు నొక్కుతూ వంకర పుల్లతో కొట్టాలి. పొడవు 40 సెం.మీ., మూతి 17 సెం.మీ. యోరుబా మాటల్లో కింది, మధ్య, పై అని మూడు స్వర స్థాయిలుంటాయి, డ్రమ్ము వాటినే పలికిస్తుంది. స్థాయి మారితే అర్థమే మారిపోతుంది, అందుకే పై స్వరం లేకుండా సర్దుకోవడం కుదరదు.

పాత చర్మం చిరిగితే రెండు వైపులా డప్పుకు వాడే మేకచర్మం వేయించాను. అప్పటినుంచి ఎంత గట్టిగా నొక్కినా షడ్జం నుంచి మధ్యమం దాకానే వెళ్తోంది. అంతకుముందు దాదాపు పై షడ్జం అందేది.

తాళ్లు బిగిస్తే పై స్వరం వస్తోంది గానీ కిందిది పోతోంది. వదులు చేస్తే కింది స్వరం బరబరమంటోంది. తోలు తాళ్లు సాగాయేమోనని కొత్తవి వేశాను, తేడా లేదు. నైలాన్ తాడు ముడి దగ్గర జారిపోతోంది. ఎండలో పెడితే గంటసేపు బాగుంటుంది, తేమ పట్టగానే మళ్లీ అదే.

కొలిస్తే కొత్త చర్మం 0.9 మి.మీ., పాతది 0.4. అసలు కారణం ఈ మందమే అనుకుంటున్నాను. నైజీరియాలో ఇదే రకం పెద్ద డ్రమ్ము ఇయాఇలుకు బాగా పలుచని మేకపిల్ల చర్మం ఎంచుకుంటారు. నాకు అలాంటిది దొరకలేదు.

ఉడుక్కు, డమరుకం లాంటివాటికి చర్మం వేసేవాళ్లు చెప్పండి: ఈ చర్మాన్ని 0.5 మి.మీ.కు తేవాలంటే విప్పి, నానబెట్టి మాంసం వైపు గీకాలా, లేక బిగించి ఉండగానే గరుకు కాగితంతో రుద్దాలా?