పీవీని ముఖ్యమంత్రి కుర్చీ నుంచి దించింది ముల్కీ గొడవా, భూమా?

మానేరు వాగు:
పీవీ నరసింహారావు గురించి ఎక్కడ మాట మొదలైనా 1991 దగ్గర మొదలై 1992 డిసెంబర్ 6 దగ్గర ఆగిపోతుంది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఆయన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ముఖ్యమంత్రిగా ఉన్న ఏడాదీ మూడు నెలల గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా ముల్కీ (స్థానికులకే కొలువులనే నిబంధన), జై ఆంధ్ర (ప్రత్యేక ఆంధ్ర ఉద్యమం), రాజీనామా అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. నేనది ఒప్పుకోను. ఆయన్ని దించింది భూమి.

తేదీలు చూడండి. 1972 మే 2 తర్వాత చేసిన భూముల బదలాయింపులు చెల్లవని ముందే కట్టడి చేశాడు. సెప్టెంబర్‌లో సీలింగ్ బిల్లు శాసనసభలో పాసయింది. ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54, అంతకు మించి ఉంటే సర్కారుకే. అక్టోబర్‌లో గొడవలు మొదలయ్యాయి, జనవరి కల్లా ఆయన ఇంటికెళ్ళాడు.

మా తాత పట్వారీ దగ్గర రాతపని చేసేవాడు. ఆ ఎండాకాలం రాత్రిపూట కందిలి పెట్టుకుని సాదాబైనామాలు, అంటే రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితాలు, రాసీ రాసీ వేళ్ళు వాచాయని చెప్పేవాడు. అన్నీ పాత తేదీలే. కొన్నవాళ్ళ పేర్లన్నీ దొర దగ్గర పనిచేసే జీతగాళ్ళవి, వాళ్ళకేమో తమ పేరు మీద పొలం ఉన్న సంగతే తెలియదు. పాత స్టాంపు కాగితం ఎక్కడ దొరుకుతుందా అని దొర మనుషులు ఊరూరా తిరిగారట. అంత భయం పుట్టించినవాణ్ణి ఊరికే వదులుతారా?

బందరు కాలువ:
మానేరు గారూ, మీ తాతగారి సంగతి నిజమే అయ్యుంటుంది. కానీ మీ లెక్క ప్రకారం మా నాన్న పడ్డ బాధంతా భూస్వాములు ఆడించిన నాటకం అయిపోతోంది, అది మాత్రం నాకు కష్టంగా ఉందండీ.

ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. ముల్కీ అంటే నిజాం కాలం నాటి, 1919 నుంచి ఉన్న నిబంధన. హైదరాబాద్‌తో సహా తెలంగాణలో పదిహేనేళ్ళు నివాసం ఉన్నవాళ్ళకే అక్కడ సర్కారు కొలువు. 1972 ఫిబ్రవరిలో హైకోర్టు అది చెల్లదంది, అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెల్లుతుందంది. నాన్న అప్పుడే డిగ్రీ పాసై ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నారు. మా రాజధానిలో మేమే పరాయివాళ్ళమా అని రోడ్డెక్కారు. లాఠీ దెబ్బకి మోచేయి విరిగింది, ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేరు. మా ఇంటికి ఉన్నది ఎకరంన్నర, అదీ కౌలు. అలాంటి ఇంటి కుర్రాడికి సీలింగ్‌తో ఏం పని చెప్పండి? పైగా ఆ మంటల్లో పీవీ గారు సుప్రీంకోర్టు తీర్పే అంతిమం అన్నట్టు మాట్లాడారు. ముఖ్యమంత్రి రెండు ప్రాంతాలకీ కదా. ఆ ఒక్క మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

మానేరు వాగు:
అన్నా, మీ నాన్నగారిని నేను ఒక్క మాట కూడా అనలేదు, అనను. వేరే దేశం పిల్లల్లాగా చూస్తున్నారని విద్యార్థులకి కోపం రావడం న్యాయమే, మా వైపు 1969 తెలంగాణ ఉద్యమంలో పిల్లలు చచ్చింది కూడా కొలువుల కోసమే. నేను అడిగేది ముందు వరసలోకి ఎవరొచ్చారని. సొంత మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రిగా ఉన్న బి.వి. సుబ్బారెడ్డి బయటికొచ్చి ప్రత్యేక ఆంధ్రకి నాయకుడయ్యాడు. అన్ని రోజుల ఉద్యమానికి డబ్బు ఎక్కడిది?

పాత వకీలు:
ఇద్దరూ కొంచెం ఆగండి. సీలింగ్ కేసుల్లో చాలా ఏళ్ళు ట్రైబ్యునళ్ళ చుట్టూ తిరిగినవాణ్ణి, చట్టం సంగతి నేను చెబుతాను.

మానేరు వాదనకి ఒక అడ్డంకి ఉంది. భూస్వాములే దించి ఉంటే ఆ చట్టాన్ని రద్దు చేయించుకునేవారు కదా? చేయలేదు. 1973లో ఒకటో నంబరు చట్టంగా అది పుస్తకంలోకి ఎక్కింది. అయితే రద్దు చేయాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. అమల్లోకి వచ్చిందే 1975 జనవరి 1న. ఆ తర్వాత డిక్లరేషన్లు, విచారణలు, అప్పీళ్ళు. 1977లో 4-ఎ అని ఒక సెక్షన్ చేర్చి మేజరైన కొడుకుల లెక్కన తండ్రికి అదనంగా భూమి ఉంచుకునే వీలిచ్చారు. ఇక కొడుకుల వయసు మీదే సగం వాదనలు నడిచాయి. ఎవరు ఏ ఏడు పుట్టారో తేల్చడానికి బడి రిజిస్టర్లు, జాతకాలు పట్టుకొచ్చేవారు. ఒక జాతకం ఇంకా కొత్త సిరా వాసన కొడుతుంటే నేనే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను.

ఇక పీవీ విషయం. ఆయనకి సొంత వర్గం లేదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి అక్కడి 14కి 10 సీట్లు గెలిచాక, అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిని తప్పించి ఇందిర ఈయన్ని కూర్చోబెట్టింది. 1972 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 287కి 219 సీట్లు వచ్చాయి గానీ ఆ ఓట్లు ఆమెవి. నిలబెట్టిన చెయ్యి తీసేస్తే పడిపోక తప్పదు. భూమి, ముల్కీ రెండూ నిజమే, కానీ నలుగురు ఎమ్మెల్యేలు గట్టిగా వెనక ఉండి ఉంటే రెంటినీ తట్టుకునేవాడని నా నమ్మకం. తెలంగాణ దొరలు మాత్రం ఆయన్ని కాపాడటానికి వచ్చారా? వాళ్ళకీ భూములున్నాయి మరి.

నంద్యాల నుంచి:
నాదొక మాట. 1991 నవంబర్‌లో మా నంద్యాల ఉప ఎన్నికలో పీవీ గారికి 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. ఒకప్పుడు ఆయన్ని పొమ్మన్న వైపు నుంచే అన్ని ఓట్లు. మా అవ్వ జై ఆంధ్ర రోజుల్లో ఆయన్ని తిట్టినావిడే, ఆ రోజు పొద్దున్నే క్యూలో నిలబడింది.

నాకనిపించేది ఏమిటంటే, 1973 దెబ్బ ఆయన్ని పూర్తిగా మార్చేసింది. ముఖ్యమంత్రిగా ఎదురెళ్ళి ఢీకొన్న మనిషి, ప్రధాని అయ్యాక చెప్పాపెట్టకుండా పనులు చేయించుకున్నాడు. లైసెన్సుల రాజ్యాన్ని ఎత్తేసినప్పుడు పాత విధానమే కొనసాగుతోందన్నట్టు మాట్లాడాడు. అది దేశానికి కలిసొచ్చింది. అదే నిదానం బాబ్రీ విషయంలో దేశానికి చాలా నష్టం చేసింది, ఆ రోజు కదలాల్సిన మనిషి కదల్లేదు. తన ఊరు వంగరలో సొంత పొలాలు కూడా వదులుకున్న ఆ పాత పీవీ ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పాత వకీలు:
నంద్యాల అమ్మా, ఆ పాత పీవీ అయితే మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని ఐదేళ్ళు నడిపేవాడు కాదు, అది కూడా ఆలోచించు.

బందరు కాలువ:
నిన్న రాత్రి ఇదంతా నాన్నకి చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, నేను ఉద్యోగం కోసమే వెళ్ళాను, అందులో తప్పేం లేదు, కానీ మమ్మల్ని ఊరేగింపులకి తీసుకెళ్ళిన లారీలు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ఎవరు పంపారో ఒక్కరోజు కూడా అడగలేదు అని. మానేరు గారూ, ఇది మీకు చెప్పాలనిపించింది. ముల్కీ బాధ నిజం కాదని మాత్రం నేను ఒప్పుకోను.

మా ఊళ్ళో సీలింగ్ భూమి ఎవరికైనా వచ్చిందా అంటే చెరువు పక్కన రెండు కుటుంబాలకి పట్టాలిచ్చారన్నారు. చవుడు నేల, వరి పండదు. వాళ్ళలో ఒకాయన మనవడు నాతో చదువుకున్నాడు. ఆ పట్టా కాగితం ఇంకా ఉందేమో కనుక్కుని ఇక్కడే రాస్తాను.