పిరనేసి కలశచిత్రం ఏ కాలపు ముద్రణో ఎలా నిర్ధారించాలి?

పాత రాగిఫలక ముద్రణలను పరిశీలించిన అనుభవం ఉన్నవారి సహాయం కోరుతున్నాను. పురాతన కలశాలు, దీపస్తంభాలు, శవపేటికలపై ఇటలీ ముద్రణచిత్రకారుడు జొవాన్ని బత్తిస్తా పిరనేసి 1778లో రోమ్‌లో వెలువరించిన సంపుటాలకు చెందిన ఒక విడిచిత్రం నా దగ్గర ఉంది. హేడ్రియన్ చక్రవర్తి విల్లా శిథిలాల దగ్గర ముక్కలుగా దొరికి, తరువాత అతికించి పూర్తిచేయగా, ఇప్పుడు గ్లాస్గోలోని బరెల్ సంగ్రహాలయంలో ఉన్న వారిక్ కలశమే అందులోని విషయం. మెలితిరిగిన ద్రాక్షతీగల పిడులను, వాటి కింద చెక్కిన ముఖాలను ఎంత చూసినా తనివి తీరదు.

ఆ చిత్రాలను అచ్చువేసిన రాగిఫలకాలు పిరనేసి మరణానంతరం కుమారుడు ఫ్రాంచెస్కో ద్వారా పారిస్ చేరి, 1830ల చివర మళ్లీ రోమ్‌కు వచ్చాయి. రెండు నగరాలలోనూ వాటితో ముద్రలు తీశారు. నా ప్రతిలో ముదురు నీడల్లోని గీతలు విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి కానీ, ఆకాశం వైపు సాగే సన్నగీతలు కొన్ని అరిగినట్లు కనిపిస్తున్నాయి.

కాలనిర్ణయానికి గీతల అరుగుదలను, కాగితపు నీటిగుర్తును (తయారీలోనే కాగితంలో పడి, వెలుతురుకు ఎత్తి చూస్తే కనిపించే గుర్తు), పై మూలలోని అంకెను పోల్చినప్పుడు దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలి? వెనుక అట్టకు అంటించి ఉన్న కాగితానికి హాని కలగకుండా నీటిగుర్తును చూసే మార్గం ఏదైనా ఉందా? అమ్మే ఉద్దేశం నాకు లేదు. సరైన వివరం రాసి భద్రపరచాలన్నదే నా కోరిక.